సముద్రపు గాలిలో గోదాముకు ఏ రేకు?

ప్రశ్న: విశాఖపట్నంలో తీరానికి దగ్గరగా గోదాము కడుతున్నాం. సిమెంటు రేకులు వేయాలా, రంగు రేకులా?

జవాబు: రంగు రేకులే. కాకపోతే అసలు చూడాల్సింది రంగు కాదు, దాని కింది పూత. మామూలు జింకు పూత ఉప్పుగాలికి త్వరగా లొంగిపోతుంది. 55 శాతం అల్యూమినియం, మిగతాది చాలావరకు జింకు ఉండే గాల్వాల్యూమ్ పూత అంతకంటే ఎక్కువకాలం నిలుస్తుంది. చదరపు మీటరుకు 150 గ్రాముల పూత, అంటే ఏజడ్150 రకం అడగండి. తీరానికి ఎంత దూరం వరకు వారంటీ వర్తిస్తుందో కాగితం మీద రాయించుకోవాలి. దుకాణదారుడి నోటిమాట చాలదు.

సిమెంటు రేకులు చవకే. చాలావాటిలో ఆస్బెస్టాస్ ఉంటుంది, కోసినప్పుడు లేచే ధూళి ఊపిరితిత్తులకు చేటు.

ఇక గాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ విమానాశ్రయం పైకప్పునే దెబ్బతీసింది. భారత ప్రమాణం ఐఎస్ 875 ప్రకారం ఈ నగరానికి ప్రాథమిక గాలివేగం సెకనుకు 50 మీటర్లు, గంటకు 180 కిలోమీటర్లు. హైదరాబాదుకు 44 మీటర్లే. గాలి రేకును తొక్కేదానికన్నా పైకి లాగేదే ఎక్కువ ప్రమాదం. ఆ లాగుడు అంచుల్లో, మూలల్లో మరీ ఎక్కువ. అక్కడ స్క్రూలు దగ్గరదగ్గరగా పడాలి. ఎన్ని, ఎంత దూరంలో అన్నది స్ట్రక్చరల్ ఇంజినీరు లెక్కకట్టాలి, మేస్త్రీ కాదు. తుప్పు పట్టే స్క్రూ వేస్తే మంచి రేకూ దండగే.

చాలామంది పట్టించుకోనిది ఇంకొకటి: ఏసీ రాగి గొట్టాల నీళ్లు ఈ రేకు మీద కారకూడదు, పూతను తినేస్తాయి.

ఎండ వేడి తగ్గడానికి లేతరంగు ఎంచుకుని, కింద గ్లాస్ ఊల్ పరిపించండి.