ఉత్తరములలో పెరిగిన శాస్త్రము

హైదరాబాదు నగరమునకు తూర్పు ప్రక్కన దిల్‌సుఖ్‌నగర్, లాల్ బహదూర్ నగర్ అను పేటలు గలవు. పోటీ పరీక్షలకు చదువుకొను యువతీయువకులతో దిల్‌సుఖ్‌నగర్ వీధులు ఎల్లప్పుడును నిండియుండును. లాల్ బహదూర్ నగర్ కూడలినుండి కర్మన్‌ఘాట్ మీదుగా వలయ రహదారిని నైరుతి దిశగా సాగిపోయినచో కంచన్‌బాగ్ చేరుదుము. అచ్చట ప్రహరీగోడల వెనుక రక్షణ పరిశోధన అభివృద్ధి ప్రయోగశాల కలదు. 1982లో డాక్టర్ ఎ.పి.జె. అబ్దుల్ కలాంగారు దానికి సంచాలకులుగా వచ్చిరి. మరుసటి సంవత్సరమున సమగ్ర క్షిపణి అభివృద్ధి కార్యక్రమము ఆరంభమయ్యెను. పృథ్వి, అగ్ని మున్నగు క్షిపణులు ఆ కృషికి ఫలములు.

ఆ గోడల వెనుక జరుగు పని రహస్యము. దేశరక్షణకు సంబంధించినది గనుక అట్లుండుట న్యాయమే. కాని ఆ పనికి పునాదియైన శాస్త్రము రహస్యముగా పుట్టినది కాదు. మూడు దేశములలో ముగ్గురు ఒంటరి మనుష్యులు వ్రాసిన వ్యాసములలోను, ఉత్తరములలోను అది పెరిగెను. ఏ ఉత్తరము చేరవలసిన వేళకు చేరినదో, ఏది చేరలేదో అనుదానిని బట్టి వారి జీవితములే మారిపోయెను.

మొదటివాడు కాన్‌స్తంతీన్ సియోల్కొవ్‌స్కీ. 1857లో రష్యా దేశమున జన్మించెను. బాల్యమున విషజ్వరము సోకి చెవులు వినబడకపోవుటచే బడి చదువు సాగలేదు. తనంత తానే గణితము, భౌతికశాస్త్రము అభ్యసించి, మాస్కోకు నైరుతి దిక్కున నున్న కలూగా పట్టణమున బడిపంతులుగా జీవించెను. దీపావళినాడు మీరు వెలిగించు తారాజువ్వను చూడుడు. మందు మండి వాయువులు క్రిందికి చిమ్మును. ఆ చిమ్ముటవలననే జువ్వ పైకి లేచును. ఈ సూత్రము నాశ్రయించి మానవుడు భూమిని విడిచి పోవచ్చునని సియోల్కొవ్‌స్కీ 1903లో గణితపూర్వకముగా నిరూపించెను. రాకెట్టు పొందగల వేగము రెండింటిపై ఆధారపడునని ఆయన తేల్చెను. వెలువడు వాయువుల వేగము ఒకటి. ఇంధనము నిండినపుడుండు బరువునకును, అది వ్యయమైన పిమ్మట మిగులు బరువునకును గల నిష్పత్తి రెండవది. నేటికిని ఏ రాకెట్టు నిర్మించుటకైనను మొదట వేయు లెక్క ఇదియే. అయినను ఆ వ్యాసము రష్యను భాషలో నుండుటచే ఇతర దేశములవారి కంటబడలేదు.

రెండవవాడు అమెరికా దేశస్థుడగు రాబర్ట్ గొడ్డార్డ్. క్లార్కు విశ్వవిద్యాలయమున భౌతికశాస్త్రాచార్యుడు. 1916లో ఆయన తన పరిశోధనలను వివరించుచు స్మిత్‌సోనియన్ సంస్థకు ఉత్తరము వ్రాసి, 5,000 డాలర్ల సహాయము పొందెను. అత్యున్నత ప్రదేశములను చేరు విధానమును గూర్చి ఆయన రచించిన గ్రంథమును ఆ సంస్థయే ప్రకటించెను. 1920 జనవరిలో న్యూయార్కు టైమ్సు పత్రిక ఆయనను పరిహసించెను. శూన్యమున నెట్టుటకు గాలి లేదు గనుక రాకెట్టు పోజాలదనియు, ఉన్నత పాఠశాలలో చెప్పు పాఠమైనను ఈయనకు తెలియదనియు దాని ఆక్షేపణ. నిజమునకు పాఠము తెలియనిది ఆ పత్రికవారికే. రాకెట్టు గాలిని నెట్టదు. తన వాయువులనే వెనుకకు నెట్టి తాను ముందుకు పోవును. ఇది న్యూటను మూడవ సూత్రము. ఆ పత్రిక తన పొరపాటును 1969 జూలై 17వ తేదీన, మనుష్యులు చంద్రునివైపు పయనించుచుండగా, సరిదిద్దుకొనెను. అప్పటికి గొడ్డార్డ్ మరణించి దాదాపు 24 ఏండ్లు గడచినవి.

మూడవవాడు హెర్మాన్ ఓబెర్త్. ట్రాన్సిల్వేనియాకు చెందిన జర్మను భాషీయుడు. తరువాతి కాలమున ఈయనయు బడిపంతులే. ముగ్గురిలో ఇద్దరు పాఠశాల ఉపాధ్యాయులైయుండుట, ఆ వృత్తిలో తల నెరసిన నాకు ఒకింత గర్వము కలిగించుచుండును. 1922 మే నెలలో హైడెల్‌బర్గ్ నుండి ఓబెర్త్, తనకు బాగుగ రాని ఆంగ్లభాషలో, గొడ్డార్డునకు ఉత్తరము వ్రాసెను. తానును అనేక సంవత్సరములుగా ఈ సమస్యపైననే పనిచేయుచున్నాననియు, మీ గ్రంథము ఎంత వెదకినను దొరకలేదు గనుక ఒక ప్రతి పంపుమనియు కోరెను. సకల దేశముల పండితులు కలసి కృషిచేసిననే గాని ఈ మహాకార్యము నెరవేరదని ఆ ఉత్తరమున వ్రాసెను. మొగమెరుగనివానికి వచ్చీరాని భాషలో నిస్సంకోచముగా ఉత్తరము వ్రాయుటకు ధైర్యము కావలయును. గొడ్డార్డ్ ఆ ప్రతిని పంపెను.

ఆ ఏటనే ఓబెర్త్ సమర్పించిన పరిశోధన వ్యాసము విశ్వవిద్యాలయమున అంగీకృతము కాలేదు. అతడు దానిని 1923లో పుస్తకముగా ప్రకటించి, గొడ్డార్డ్ కృషిని అందు పేర్కొని, ఒక ప్రతిని ఆయనకు పంపెను. దానిని చూచి గొడ్డార్డ్ సంతసింపలేదు. తన భావములను ఇతరులు గైకొనుచున్నారను అనుమానము ఆయనకు కలిగెను. 1926 మార్చి 16వ తేదీన ఆబర్న్ అను ఊరి పొలములో ఆయన ద్రవ ఇంధనముతో ప్రపంచమున మొట్టమొదటి రాకెట్టును ఎగురవేసెను. అది రెండున్నర సెకనులు మాత్రమే ఎగిరి, 41 అడుగుల ఎత్తు లేచి, 184 అడుగుల దూరమున పడెను. ఇంతటి విజయమును గూర్చిన వివరములు లోకమునకు సక్రమముగా వెల్లడియైనది పది సంవత్సరముల పిమ్మట, 1936లో! ఆయనను నిందించుట సులభము; కాని ఒకసారి పదిమందిలో నవ్వులపాలైనవాడు నోరు మూసికొనుటలో వింత లేదు.

ఓబెర్త్ పుస్తకపు వార్త కలూగాకును చేరెను. ఇరువది యేండ్లనాడే తాను చెప్పిన విషయము క్రొత్తదిగా ప్రచారమగుట విని సియోల్కొవ్‌స్కీ బాధపడెను. 1924లో తన పాత వ్యాసమును మరల అచ్చువేయించెను. విదేశ పండితులు గ్రహించునట్లు దానికి జర్మను భాషలో పీఠిక చేర్చబడెను. భాష ఎంత అడ్డుగోడయో, నాలుగు వాక్యముల పీఠిక దానికెట్టి ద్వారమగునో ఇచ్చట చూడుడు. క్రమముగా ఆయన రచనలు ఓబెర్త్ చేతికందెను. 1929లో ఓబెర్త్ ఆ వృద్ధునకు జాబు వ్రాసెను. మీ రచనలు ముందే తెలిసియున్నచో ఎన్నియో వ్యర్థప్రయాసలు తప్పెడివనియు, నా పని ఇంకను ముందుకు సాగియుండెడిదనియు ఆయన నిష్కపటముగా ఒప్పుకొనెను. 1903నుండి 1929 వరకు 26 సంవత్సరములు! ఆదియందు తానే ప్రథముడనని తలంచినవాడు, మరియొకడు తనకంటె ముందే నడచెనని స్వహస్తముతో అంగీకరించుట సామాన్యము కాదు.

గొడ్డార్డ్ కూడ ఒక చక్కని ఉత్తరము వ్రాసెను. పదునారేండ్ల వయస్సున తాను చదివిన నవలను రచించిన హెచ్.జి. వెల్సునకు 1932లో కృతజ్ఞత తెలుపుచు, ఈ కార్యము తరతరములు సాగవలసినదనియు, ఎంత ముందుకు పోయినను ఇప్పుడే ఆరంభించిన ఉత్సాహముండుననియు ఆయన అందు వ్రాసెను. తోటి శాస్త్రజ్ఞులయెడ మౌనము వహించినవాడు కథకునియెడ మనసు విప్పెను!

ఈ శాస్త్రమే 1944లో లండను నగరముపై పడిన వి-2 అస్త్రమునకును ఆధారమయ్యెను. యుద్ధానంతరము గొప్ప దేశములు దీనిని దాచసాగెను. 1987లో ఏడు దేశములు క్షిపణి పరిజ్ఞానము ఇతరులకు అందకుండ కట్టడి చేసికొనెను. పరికరములను, విలువైన పదార్థములను అవి ఆపగలిగెను. కాని సియోల్కొవ్‌స్కీ సూత్రమును, ఓబెర్త్ గ్రంథమును, గొడ్డార్డ్ నివేదికలను ఆపుట ఎవరి తరము? అవి అప్పటికే ప్రపంచమందలి గ్రంథాలయములలో నుండెను. కంచన్‌బాగ్ శాస్త్రజ్ఞులు తమకు నిరాకరింపబడినవానిని స్వయముగా తయారుచేసికొనిరి. 1988 ఫిబ్రవరి 25న పృథ్వి, 1989 మే 22న అగ్ని ఆకాశమున కెగసెను.

అగ్ని ఎగసిన దినమున ఆ ముగ్గురిలో ఓబెర్త్ ఒక్కడే సజీవుడై యుండెను. ఆయనకు 95వ సంవత్సరము నడచుచుండెను. ఆ డిసెంబరులోనే ఆయన కన్ను మూసెను.