ముత్తవ్వ చదువు

అవ్వ కథ చెబుతుంది. మనవలు వింటారు. ఇది ప్రతి ఇంట్లో ఉన్నదే. మరి మునిమనవరాళ్ళు పక్కన కూర్చుని ముత్తవ్వ చేత అక్షరాలు దిద్దించడం ఎక్కడైనా చూశారా? కేరళ రాష్ట్రంలో ఒక ఇంట్లో అలా జరిగింది. ఆ ముత్తవ్వ పేరు కార్త్యాయని అమ్మ.

ఆమెది అలప్పుళ జిల్లా, చేప్పాడ్ పంచాయతీ. సుమారు 1922లో పుట్టింది. చిన్నప్పుడు బడి మొహం చూడలేదు. పలక పట్టాల్సిన వయసులో పనికి పోవాల్సి వచ్చింది. తరువాత పెళ్ళయింది. ఆరుగురు బిడ్డల్ని కన్నది. భర్త ముందే పోయాడు. ఇంటి బరువంతా ఆమె నెత్తిన పడింది.

ఆమె గుళ్ళు ఊడ్చింది. ఇళ్ళలో పాచిపని చేసింది. ఆ డబ్బుల్తోనే పిల్లల్ని సాకింది. పొద్దున లేస్తే పని. పొద్దుగూకితే అలసట. ఇంక చదువు మాట ఎవరెత్తుతారు?

1991 ఏప్రిల్ 18న కేరళను సంపూర్ణ అక్షరాస్యత సాధించిన రాష్ట్రంగా ప్రకటించారు. అప్పటికి కార్త్యాయని అమ్మకు 70 ఏళ్ళు కావస్తున్నాయి. ఆమెకు మాత్రం అక్షరం ముక్క రాదు. రాష్ట్రమంతా చదువు వచ్చిందన్నా, ఆమె లాంటి వాళ్ళు ఇంకా మిగిలే ఉన్నారు.

ఆమె కూతురు ఒకామె పెద్ద వయసులో చదువు మొదలుపెట్టింది. పదో తరగతికి సమానమైన పరీక్ష పాసయింది. కూతురు చదవగా లేనిది తల్లి చదవకూడదా? ఆ ఆశ కార్త్యాయని అమ్మ మనసులో పడింది.

2018లో కేరళలో 'అక్షరలక్షం' అనే కార్యక్రమం నడిచింది. చదువురాని వాళ్ళను వెతుక్కుంటూ కార్యకర్తలు ఆమె ఉండే కాలనీకి వచ్చారు. తన పేరు రాసుకోమంది కార్త్యాయని అమ్మ. అప్పుడామె వయసు 96 ఏళ్ళు! ఇంట్లో మునిమనవరాళ్ళే పంతులమ్మలయ్యారు. వాళ్ళు చెప్పారు. ఆమె దిద్దింది. జీవితమంతా చీపురు పట్టిన చెయ్యి పెన్సిలు పట్టడం నేర్చుకుంది.

ఆ ఏడు ఆగస్టులో పరీక్ష పెట్టారు. 40 వేల మందికి పైగా రాశారు. మొత్తం 100 మార్కులు. చదవడానికి 30, రాయడానికి 40, లెక్కలకు 30. కార్త్యాయని అమ్మకు చదవడంలో 30కి 30 వచ్చాయి. లెక్కల్లోనూ 30కి 30 వచ్చాయి. రాతలో 38 వచ్చాయి. అన్నీ కలిపి 98. రాష్ట్రంలో మొదటి ర్యాంకు ఆమెదే! పరీక్ష గదిలో పక్కనున్న పెద్దాయన ఆమె కాగితంలోకి తొంగి చూస్తున్న ఫోటో పేపర్లలో పడింది. చూసిన వాళ్ళంతా నవ్వుకున్నారు.

కంప్యూటర్ కూడా నేర్చుకోవాలని ఉందని ఆమె అంది. విద్యాశాఖ మంత్రి ఇంటికొచ్చి ల్యాప్‌టాప్ ఇచ్చాడు. 2020 మార్చి 8, మహిళా దినోత్సవం నాడు, ఢిల్లీలో రాష్ట్రపతి చేతుల మీదుగా నారీశక్తి పురస్కారం అందుకుంది. 2023 రిపబ్లిక్ డే నాడు ఢిల్లీలో కేరళ శకటం మీద ఆమె బొమ్మ పెట్టారు.

అదే ఏడు అక్టోబరులో కార్త్యాయని అమ్మ కన్ను మూసింది. అప్పటికి 101 ఏళ్ళు.

ఆమె అక్షరాలతో బతికింది చివరి ఐదేళ్ళే. అంతకు ముందు 96 ఏళ్ళు చెమటోడ్చి బతికింది. ఆ చెమటతోనే ఆరుగురు బిడ్డలు పెరిగారు. పరీక్షలో గెలిచింది గనుక లోకం ఆమె పేరు రాసుకుంది. ఏ పరీక్షా రాయని తల్లులు, అవ్వలు ఎంతమంది లేరు? వాళ్ళూ అంతే కష్టపడ్డారు. వాళ్ళ సంగతి ఎవరు రాస్తారు?

మీకు ఇప్పుడు రాయడం వచ్చు. మీ అమ్మ గురించి, మీ అవ్వ గురించి మీరే రాయండి. ఆమె ఉంటే ఇవాళే పక్కన కూర్చుని అడగండి. పెద్ద ప్రాణం, రేపటికి వాయిదా వేయకండి. ఆమె పోయి ఉంటే, ఆమెను ఎరిగిన పెద్దవాళ్ళను అడగండి. వాళ్ళు కూడా పోతే ఇక చెప్పేవాళ్ళుండరు.

పుట్టిన ఏడు తెలియదా? దానికీ ఒక దారి ఉంది. దివిసీమ ఉప్పెన 1977 నవంబరులో వచ్చింది. అప్పటికి అమ్మకు 20 ఏళ్ళు అనుకోండి. 1977లోంచి 20 తీసేస్తే 1957. అంటే అమ్మ 1957 ప్రాంతంలో పుట్టింది. మీ ఊరికి కరెంటు వచ్చిన ఏడో, చెరువు తెగిన ఏడో తెలిసినా చాలు. ఇలాగే లెక్క కట్టొచ్చు.

ఆలోచించండి
1. కార్త్యాయని అమ్మ చిన్నప్పుడు ఎందుకు చదువుకోలేకపోయింది?
2. మీ ఊళ్ళో ఇంకా చదువు అందని అవ్వలు ఉన్నారా? వాళ్ళకు ఎవరు నేర్పగలరు?

లెక్క చేయండి
కార్త్యాయని అమ్మ 1922లో పుట్టింది అనుకుంటే 1947లో, మన దేశానికి స్వాతంత్య్రం వచ్చేనాటికి, ఆమెకు ఎన్నేళ్ళు?

రాయండి
మీ అమ్మ లేక అవ్వ గురించి ఐదు వాక్యాలు రాయండి.
1. ఆమె పూర్తి పేరు, పుట్టిన ఊరు.
2. ఏ పనులు చేసి ఇల్లు నడిపింది?
3. ఆమెకు బాగా కష్టమైన రోజులేవి?
4. మీకు ఏమేమి నేర్పింది?
5. ఆమె తరచుగా చెప్పే మాట ఏది?

రాసినది ఇంట్లో అందరి ముందూ పైకి చదవండి. తేదీ వేసి, కింద మీ సంతకం పెట్టి, జాగ్రత్తగా దాచండి.