పిట్టగోడ వెనుక నిలుచు నీటి బరువు: గిడ్డంగి కప్పును గూర్చి యొక పాఠము

ఏడాది పొడవున పడిన కష్టమంతయు కొన్ని నెలలపాటు సంఘపు గిడ్డంగి కప్పు క్రిందనే యుండును. నేల చెమ్మను గూర్చియు, ఎలుకలను గూర్చియు సభ్యులు విచారింతురు గాని, కప్పు ఎంత బరువు మోయవలసి వచ్చునో లెక్క చూచువారు అరుదు. ఈ మాసము ఆ లెక్కను నేర్చుకొందము. గుణకారము వచ్చిన చాలును.

హిమాలయ ప్రాంతమున ఇండ్లు కట్టువారు కప్పుపై బడు మంచు బరువును ముందుగా లెక్కించుకొందురు. ఏటవాలు కప్పు అంచున పిట్టగోడ యున్నచో, జారిన మంచును గాలి తెచ్చిన మంచును దాని వెనుక కుప్పపడును. మనకు మంచు లేదు. తుపాను వాన కలదు. తూము పూడినచో, మనయెడ పిట్టగోడ వెనుక నిలుచునది నీరు.

మూలసూత్రము

ఒక చదరపు మీటరు చోట ఒక సెంటీమీటరు లోతు నీరు నిలిచిన, దాని బరువు 10 కిలోలు. ఇది కంఠస్థము చేయదగినది. మరమ్మతునకు తప్ప మనుష్యులు ఎక్కని కప్పునకు, వాలు 10 డిగ్రీలకు మించనిచో, భారతీయ ప్రమాణము (ఐ.యస్. 875, రెండవ భాగము, 1987) చదరపు మీటరుకు సుమారు 75 కిలోల పైబరువును నిర్ణయించినది. అనగా ఏడున్నర సెంటీమీటర్ల నీటితోనే ఆ లెక్క నిండును. నీరు నిలుచుటకు వీలున్న కప్పుపై ఆ నీటి బరువును వేరుగా లెక్కించి, రెంటిలో ఎక్కువ హాని చేయుదానికి తగినట్లు కట్టవలెనని కూడ ఆ ప్రమాణమే చెప్పుచున్నది.

లెక్క వేయు విధము

10 మీటర్లకు ఒక మీటరు పల్లముగల కాంక్రీటు కప్పు నొకదానిని తీసికొందము. పల్లపు అంచున 10 మీటర్ల పొడవు పిట్టగోడ కలదు. ఆకులు, పిచ్చుక గూళ్లు అడ్డుపడి తూములు మూసికొనిపోయినవి. గోడ నానుకొని నీరు 20 సెంటీమీటర్ల లోతు నిలిచినది.

1. నీరు కప్పు మీదికి 2 మీటర్ల దూరము ప్రాకును. 20 సెంటీమీటర్లకు పదిరెట్లు.
2. నీటి అడ్డకోత ముక్కోణము. దాని వైశాల్యము 2 మీటర్లను 0.2 మీటరుతో గుణించి సగము చేయగా 0.2 చదరపు మీటరు.
3. కావున గోడ పొడవు మీటరు ఒక్కింటికి 200 కిలోలు. 10 మీటర్లకు 2,000 కిలోలు. ఇది 75 కిలోల ధాన్యపు బస్తాలు సుమారు 27.

ఇక లోతు రెట్టింపై 40 సెంటీమీటర్లైనచో బరువు రెట్టింపగునని తలంచవలదు. నీరు లోతునందును, దూరమునందును రెట్టింపగును గాన, బరువు నాలుగు రెట్లగును. 8,000 కిలోలు, అనగా నూటికి పైగా బస్తాలు, కప్పు అంచుననే కూర్చుండును. బరువునకు కప్పు కొంచెము క్రుంగిన, ఆ పల్లములోనికి మరికొంత నీరు చేరును; దానితో మరికొంత క్రుంగును.

వాన యెంత తెచ్చును?

20 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పుగల కప్పుపై 10 సెంటీమీటర్ల వాన కురిసిన, దిగవలసిన నీరు 20,000 లీటర్లు. తుపాను దినమున ఇంత వాన వింత గాదు. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరము దాటినది. అది వరి యింటికి వచ్చు కాలము. కప్పునకు పరీక్ష వచ్చునదియు, గిడ్డంగి నిండునదియు తరచుగా ఒకే సమయమని సభ్యులు గుర్తింపవలెను.

చేయవలసిన పనులు

మొదటిది, ప్రతి పల్లపు అంచునకు కనీసము రెండు తూము లుండవలెను. ఒకటి పూడినను రెండవది పారును. వానికి ఆకులు ఆపు జల్లెడ అమర్చవలెను.

రెండవది, తూములు గాక, పిట్టగోడలో కప్పునకు 5 సెంటీమీటర్ల ఎత్తున వెడల్పైన పొంగు కంతలు విడువవలెను. వీనివలన లోతు 10 సెంటీమీటర్లు దాటకుండ నిలిచినచో, పై లెక్కలోని 2,000 కిలోలు 500 కిలోలకు తగ్గును.

మూడవది, మృగశిర కార్తెకు ముందొకసారి, స్వాతి కార్తెకు ముందొకసారి కప్పు ఊడ్పించి, ఆ తేదీని సంఘపు పుస్తకమున వ్రాయించవలెను.

నాలుగవది, సంఘము పేరు పెద్ద యక్షరములతో వ్రాయించుటకై పాత కప్పుపై పిట్టగోడను ఎత్తు చేయించు వాడుక మేము అచ్చటచ్చట చూచుచున్నాము. ఇంజనీరును అడుగక ఆ పని చేయరాదు. గోడ యెంత ఎత్తో, నీరు అంత లోతు నిలువగలదు.

తుపానులో నీరు నిలిచినట్లు తెలిసినచో, ముందు క్రింది మనుష్యులను వెలుపలికి పంపవలెను. ధాన్యము తరువాతి మాట. క్రుంగిన కప్పుపైకి ఎవ్వరును ఎక్కరాదు.

అభ్యాసము

8 మీటర్లకు ఒక మీటరు పల్లము. గోడ పొడవు 12 మీటర్లు. నీటి లోతు 25 సెంటీమీటర్లు. బరువెంత? సభ్యులు స్వయముగా లెక్క వేసి, 3,000 కిలోలు వచ్చినదేమో సరిచూచుకొనవలెను. పిమ్మట టేపు తీసికొనిపోయి తమ గిడ్డంగి కొలతలతో అదే లెక్కను మరల వేసి, రాబోవు సర్వసభ్య సమావేశమున వినిపింపవలెనని కోరుచున్నాము.