ఇంటివాళ్ళ సంతకం ఒక్కటే చాలదు

ఇంట్లో ఎవరికైనా మతిస్థిమితం తప్పితే నలుగురూ రెక్కలు పట్టుకొని ఆటో ఎక్కించడం, ఆస్పత్రి ఫారం మీద అన్నో బావో సంతకం పెట్టేయడం మనకు అలవాటైన పద్ధతి. ఆ సంతకం ఉంటే మనిషిని ఎన్నాళ్ళయినా లోపల ఉంచవచ్చని చాలామంది నమ్మకం. 1987 నాటి పాత చట్టంలో ఈ నమ్మకానికి కొంత ఆధారం ఉండేది: బంధువు దరఖాస్తు, ఇద్దరు డాక్టర్ల సర్టిఫికెట్లు ఉంటే 90 రోజుల దాకా ఉంచుకోవచ్చు. 2018 మే 29న అమల్లోకి వచ్చిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017 ఆ ఆధారాన్ని తీసేసింది. స్కిజోఫ్రెనియా అని డాక్టరు రాసినంత మాత్రాన ఎవరినీ ఆపడానికి వీల్లేదు. తన వైద్యం గురించి తాను నిర్ణయించుకోగలడా, ప్రస్తుతం ప్రమాదం ఏమిటి అన్నవే అసలు ప్రశ్నలు.

తమంతట తాము వచ్చి చేరినవారికి ఇంకొకరి సంతకం అక్కర్లేదు. వారి సమ్మతి లేకుండా వైద్యం చేయకూడదు, వెళ్ళిపోతానంటే పంపించాలి. పరిస్థితి తీవ్రంగా ఉందనిపిస్తే డాక్టరు పరీక్ష కోసం 24 గంటలు ఆపవచ్చు, అంతే. ఇష్టం లేకుండా చేర్చుకోవాలంటే 89వ సెక్షన్ ప్రకారం నామినేటెడ్ రిప్రజెంటేటివ్, అంటే రోగి తరఫున నిలిచే ప్రతినిధి, దరఖాస్తు పెట్టాలి. ఒక సైకియాట్రిస్టు, మరో వైద్యుడు లేదా మానసిక ఆరోగ్య నిపుణుడు విడివిడిగా పరీక్షించాలి. తనకు తాను హాని చేసుకోబోవడం, ఎదుటివారిపై హింసకు దిగడం, తిండీ ఒళ్ళూ చూసుకోలేక ప్రమాదంలో పడడం, వీటిలో ఒక్కటైనా ఇటీవల కనిపించి ఉండాలి. అప్పుడైనా ఈ సెక్షన్ కింద గడువు 30 రోజులే. చేర్చుకున్న సంగతి 7 రోజుల్లో, మహిళ అయితే 3 రోజుల్లో, ఇలాంటి చేర్పులను సమీక్షించే మెంటల్ హెల్త్ రివ్యూ బోర్డుకు తెలపాలి. లోపల ఉంచడానికి అనుమతి దొరికితే వైద్యానికీ దొరికినట్టు కాదు. రోగి తరఫున ప్రతినిధి సమ్మతి ఇస్తున్నా, రోగి తానే నిర్ణయించుకునే స్థితికి వచ్చాడా అని వారం వారం చూడాలి.

తనకు జబ్బే లేదనే మనిషిని సమ్మతి అడగడమేమిటి, ఈలోగా ఉరేసుకుంటే ఎవరిది బాధ్యత అని కుటుంబాలు అడుగుతాయి. న్యాయమైన ప్రశ్నే. కానీ చట్టం చేతులు కట్టుకొని కూర్చోమనలేదు. ప్రాణాపాయం ఉన్నప్పుడు రిజిస్టరైన ఏ డాక్టరైనా, ప్రతినిధి అందుబాటులో ఉంటే వారి సమ్మతితో, 72 గంటల దాకా అత్యవసర వైద్యం చేయవచ్చు. ఆ పేరుతో కరెంటు షాకు మాత్రం ఇవ్వకూడదు. పోలీసులు తమ రక్షణలోకి తీసుకున్నవారిని 24 గంటల్లో ప్రభుత్వ వైద్య కేంద్రానికి చేర్చాలి, లాకప్‌లో ఎట్టి పరిస్థితిలోనూ పెట్టకూడదు. ఆపదలో ఆలస్యమైతే తప్పు సమ్మతి నిబంధనది కాదు, ఈ దారులు తెలియకపోవడానిదే.

ఏళ్ళ తరబడి సేవ చేసి అలసిపోయినవారి గోడు వేరు. వాళ్ళకు ఊరట చూపాల్సింది ప్రభుత్వం. ఆ ఊరట తాళంతో వెతుక్కుంటే ఏమవుతుందో తమిళనాడులోని ఎర్వాడిలో ఒక మానసిక రోగుల ఆశ్రమంలో చూశాం. 2001 ఆగస్టు 6న మంటలు లేచినప్పుడు గొలుసులతో కట్టేసి ఉన్నవారు తప్పించుకోలేకపోయారు. 28 మంది చనిపోయారు. ఇప్పుడు గొలుసు వేయడం, గదిలో ఒంటరిగా బంధించడం రెండూ నిషిద్ధం. బోర్డుల ఏర్పాటులో మన రాష్ట్రాలు చూపిన నిదానం వల్ల ఇంత మంచి చట్టం చాలాకాలం కాగితంపైనే ఉండిపోయిందన్నది నిజం. అయినా హక్కు పోలేదు: రోగి గానీ ప్రతినిధి గానీ బోర్డుకు దరఖాస్తు పెట్టవచ్చు, ఆ తీర్పు మీద 30 రోజుల్లో హైకోర్టుకు వెళ్ళవచ్చు, ఉచిత న్యాయ సహాయానికి 15100కు ఫోన్ చేయవచ్చు.

మనసు నిలకడగా ఉన్న రోజుల్లోనే తెల్లకాగితం మీద ప్రతినిధి పేరు రాసి సంతకం చేసి ఉంచుకుంటే, భార్యా తమ్ముడా అన్న తగువు ఆస్పత్రి గుమ్మంలో రాదు. మీ అంతట మీరు చేరాక బయటికి పంపమని అడిగేటప్పుడు నోటిమాటతో సరిపెట్టకండి. తేదీ, టైము వేసి రాసివ్వండి, నకలు మీద ఆస్పత్రి ముద్ర వేయించుకోండి. పరీక్ష కోసం ఆపగలిగే ఆ 24 గంటలు ఎప్పుడు మొదలయ్యాయో రేపు బోర్డు ముందు చూపించాల్సింది ఆ కాగితమే.