‘వెనిసు వర్తకుడు’ – క్రైస్తవదృష్టి

ఇంటివద్దనే బిడ్డలకు సాహిత్యము బోధించు క్రైస్తవ తలిదండ్రులు ప్రసిద్ధ నాటకములకు తమ మతదృష్టిగల వ్యాఖ్యలను వెదకుట సహజము. కాని అట్టి వ్యాఖ్య నాటకమునంతటిని వివరించుచున్నదా యని ముందుగా పరిశీలింపవలెను. 1600లో అచ్చయిన షేక్స్పియరు ‘వెనిసు వర్తకుడు’ ఇందుకు తగిన ఉదాహరణము.

నాలుగవ అంకమున పోర్షియా, కేవలన్యాయముచే ఎవ్వరికిని రక్షణ కలుగదనియు, దయను వేడుకొను మనము దయ చూపుటయు నేర్వవలెననియు వాదించును. దీనినిబట్టి పలువురు వ్యాఖ్యాతలు షైలాకును మోషే ధర్మశాస్త్రమునకును, పోర్షియాను కృపకును ప్రతీకలుగా గ్రహించిరి. ఈ వ్యాఖ్యకు ఆధారము గలదు. కాని ఇది అసమగ్రము. అదే న్యాయసభలో షైలాకు క్రైస్తవుడు కావలెనని ఆంటోనియో షరతు విధించును. తన ప్రతీకారము క్రైస్తవుల నడవడినుండి నేర్చినదేయని షైలాకు మూడవ అంకముననే పలికియున్నాడు. 1290లో యూదులను వెడలగొట్టిన దేశమున ఈ నాటకము పుట్టినదనియు విద్యార్థికి తెలుపవలెను.

కావున బోధకుడు అడుగవలసిన ప్రశ్న ఒక్కటే: దయను బోధించినవారు దయ చూపిరా? క్రైస్తవపాత్రలనుకూడ ఆ కొలతతోనే కొలుచు వ్యాఖ్య విద్యార్థికి గ్రంథమును చూపును. కొలువనిది స్వపక్షసమర్థనముగా మిగులును.