అడగకుండా తీసుకున్న నంబర్లు

సమస్య

హైదరాబాద్ మాదాపూర్‌లో ఒక చిన్న స్టార్టప్ ఉంది. ఇంటికే వచ్చి పరీక్షలకు రక్తం తీసుకోవడం, ఫోన్‌లో డాక్టరుతో మాట్లాడించడం దాని పని. అక్కడ యాప్ పనులు చూసే 29 ఏళ్ల ప్రోడక్ట్ మేనేజర్ మాకు లేఖలో రాసిన చిక్కు ఇది. కంపెనీ చేతిలో ఇంకో ఐదు నెలలకు సరిపడా డబ్బే ఉంది. కొత్త పెట్టుబడి రావాలంటే యూజర్ల సంఖ్య మూడింతలు కావాలి. అందుకు ఫౌండర్ ఒక ఉపాయం చెప్పాడు. యాప్ తెరవగానే కాంటాక్టులకు అనుమతి అడగాలి, ఇవ్వకపోతే బుకింగ్ ముందుకు సాగకూడదు. ఇచ్చినవాళ్ల ఫోన్‌లోని నంబర్లన్నిటికీ వాళ్ల పేరు మీదే ఆహ్వానం పోవాలి, పలకనివాళ్లకు మరో రెండుసార్లు గుర్తుచేయాలి. "అందరూ చేస్తున్నదే, మనం ఆగితే మునిగిపోతాం" అన్నది ఆయన వాదన. వారం రోజుల ప్రయోగంలో కొన్ని నంబర్లు ఇప్పటికే సర్వర్‌కి చేరాయి. ఉద్యోగికి ఇంటి లోను ఉంది, టీమ్‌లో ఇంకో నలుగురి జీతాలున్నాయి, పైగా మొదటి ఉద్యోగం ఇచ్చినవాడు ఆ ఫౌండరే. కాదంటే ద్రోహమవుతుందా అన్నది లేఖలోని ప్రశ్న.

సలహా

ఈ ఉపాయం పాతదే. సభ్యుల ఈమెయిల్ ఖాతాల్లోని చిరునామాలకు వాళ్ల పేరుతో ఆహ్వానాలు పంపి, జవాబివ్వనివాళ్లకు మళ్లీ రెండు మెయిళ్లు పంపినందుకు లింక్డ్‌ఇన్ మీద అమెరికాలో దావా పడింది. మొదటి ఆహ్వానానికి సభ్యులు ఒప్పుకున్నట్టేననీ, గుర్తుచేసే మెయిళ్ల మీద మాత్రం కేసు నడవవచ్చనీ 2014లో కాలిఫోర్నియాలోని ఫెడరల్ కోర్టు చెప్పింది. మరుసటి ఏడు 1.3 కోట్ల డాలర్లకు రాజీ కుదిరింది.

అది ఉద్యోగాల సైటు. ఇది వైద్యం. "ఫలానా ఆవిడ మా దగ్గర పరీక్ష చేయించుకున్నారు, మీరూ రండి" అన్న సందేశం ఆమె అత్తగారికీ ఇంటి ఓనర్‌కీ ఆఫీసులో పైఅధికారికీ ఒకేసారి చేరుతుంది. గర్భం వచ్చిందో లేదో చూసుకోవడానికో, హెచ్‌ఐవీ అనుమానంతోనో వచ్చిన మనిషి తన సంగతి ఎవరికి ఎప్పుడు చెప్పాలో తనే తేల్చుకోవాలి. ఆ అవకాశాన్ని ఒక్క సందేశం లాగేసుకుంటుంది. లేఖలో కంపెనీ ఇబ్బందులు వివరంగా ఉన్నాయి, ఈ మనిషి మాత్రం ఎక్కడా కనిపించదు. ఆలోచన మొదలుపెట్టాల్సింది ఆమె దగ్గరే.

ఇక ఆ నంబర్లవాళ్లు ఎవరికీ ఏ అనుమతీ ఇవ్వలేదు. 2020 చివర్లో తెలంగాణలో లోన్ యాప్‌ల ఆగడాలు బయటపడ్డప్పుడు వేధింపులకు పనికొచ్చింది ఈ కాంటాక్ట్ లిస్టే. అప్పు తీసుకున్నవాళ్ల చుట్టాలకూ స్నేహితులకూ ఫోన్లు చేసి పరువు తీశారు. ఆ బాధ పడలేక ప్రాణాలు తీసుకున్నవాళ్లున్నారు. 2022లో రిజర్వు బ్యాంకు అప్పు యాప్‌లు కాంటాక్టుల జోలికి పోరాదని కట్టడి చేసింది. ఈ స్టార్టప్ ఉద్దేశం వేరే కావచ్చు. కానీ రేపు కంపెనీ అమ్ముడుపోతేనో, మూతపడితేనో, హ్యాక్ అయితేనో ఆ లిస్టు ఎవరి చేతికి పోతుందో ఫౌండర్ కూడా చెప్పలేడు.

చట్టమూ స్పష్టంగానే ఉంది. డార్క్ ప్యాటర్న్స్‌పై 2023 నవంబరు 30న కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాల్లో 13 రకాల మోసపు డిజైన్లున్నాయి. సేవ కావాలంటే కాంటాక్టులు ఇచ్చి తీరాలనడం వాటిలో బలవంతపు చర్య కిందికి వస్తుంది. అదే ఏడాది వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ఆరో సెక్షన్‌లో ఇచ్చిన ఉదాహరణ అచ్చంగా ఇదే: ఒక టెలిమెడిసిన్ యాప్ కాంటాక్ట్ లిస్టు అడిగింది, యూజర్ సరేనంది. వైద్యసేవకు ఆ లిస్టు అక్కర్లేదు కనుక ఆ సమ్మతి లిస్టుకు వర్తించదు. ఆ చట్టంలోని ప్రధాన బాధ్యతల అమలుకు 2025 నవంబరు నుంచి 18 నెలల గడువు ఇచ్చారు. అయితే ఇవాళ కట్టే యాప్ ఆ గడువు దాటాక కూడా నడవాల్సిందే కదా.

కాబట్టి ఈ ఫీచర్ కట్టకూడదు. ఆ మాట ఫౌండర్‌కి ముందు ముఖాముఖి చెప్పి, అదే రోజు మెయిల్‌లో పెట్టడం మేలు. ప్రత్యామ్నాయం కూడా చూపించాలి: యూజర్ తనే చదివి, తనకు నచ్చినవాళ్లకు తన వాట్సాప్ నుంచి పంపుకునే రిఫరల్ లింకు. దానితో వచ్చేవాళ్లు తక్కువే. కంపెనీ నిలవకపోవచ్చు కూడా, ఆ సంగతి దాచి సలహా ఇవ్వడం న్యాయం కాదు. నలుగురి జీతాలు చిన్న విషయం కాదు. అయినా ఆ భారాన్ని ఏమీ తెలియని రోగుల మీద మోపే హక్కు ఎవరికీ లేదు. ఇక ద్రోహం మాటకొస్తే, ఉద్యోగమిచ్చిన మనిషి కేసుల్లో ఇరుక్కోకుండా అడ్డుపడటం కృతజ్ఞతే.

ఆయన వినకపోతే ఉద్యోగికి గొడుగు పట్టే ఏర్పాటు పెద్దగా లేదు. కంపెనీల చట్టం ఫిర్యాదు యంత్రాంగాన్ని తప్పనిసరి చేసింది ముఖ్యంగా లిస్టెడ్ కంపెనీలకే. అందుకే వేరే ఉద్యోగం ఇప్పటి నుంచే వెతుక్కోవాలి, కొన్ని నెలల ఈఎంఐ పక్కన పెట్టుకోవాలి, నోటీసు గడువు ఎంతో చూసుకోవాలి. రోగుల వివరాలను సాక్ష్యం పేరుతో సొంత ల్యాప్‌టాప్‌లోకి కాపీ చేసుకోవడం మాత్రం మరో తప్పు.

వారం ప్రయోగంలో చేరిన నంబర్లు ఇంకా సర్వర్‌లోనే ఉన్నాయి. వాటిని బ్యాకప్‌లతో సహా చెరిపేసి, ఆ యూజర్లకు సంగతి తెలియజేయాలన్నది మెయిల్‌లో మొదటి అంశం కావాలి. ఫీచర్ మీద చర్చ తేలేదాకా ఆ పని ఆగనక్కర్లేదు.