పోలిక వేరు, పుట్టుక వేరు: '13బి' నుండి 'దూత' దాకా

(బి.ఎస్సీ. తృతీయ సంవత్సరం)

జంతుశాస్త్రం చదివేవాడికి సినిమాలతో ఏం పని అని మా లెక్చరర్లు అడగవచ్చు. పని ఉంది. రెండు ప్రాణులు ఒకదాన్నొకటి పోలి ఉన్నప్పుడు, అవి ఒకే మూలం నుండి వచ్చాయా, లేక వేర్వేరుగా పుట్టి ఒకే అవసరం కొద్దీ ఒకే రూపు దాల్చాయా అని తేల్చడం మా శాస్త్రంలో పెద్ద పని. హాస్టల్లో భోజనాల దగ్గర జరిగే సినిమా వాదాల్లో ఈ తేడా ఎవరికీ పట్టదు. కాస్త పోలిక కనబడితే చాలు, "కాపీ కొట్టినాడు రా" అని తీర్పు చెప్పేస్తారు. ఒక మనిషి కష్టాన్ని ఒక్క మాటతో కొట్టిపారేసే ముందు సాక్ష్యం చూడనక్కర లేదా?

'దూత'నే తీసుకుందాం. 2023 డిసెంబరు 1న అమెజాన్ ప్రైమ్‌లో వచ్చిన తెలుగు ధారావాహిక ఇది. నాగచైతన్య ఇందులో సాగర్ అనే విలేఖరి. కుండపోత వానలో, దోవలో కంటబడిన పేపరు ముక్కలో జరగబోయే ప్రమాదం ముందే అచ్చయి ఉంటుంది. అచ్చయినట్టే జరుగుతుంది.

అంతకు పద్నాలుగేళ్ళ ముందు, 2009లో, హిందీలో '13బి', తమిళంలో 'యావరుం నలం' అని ఒక చిత్రం వచ్చింది. తమిళ పేరుకు 'అందరూ క్షేమం' అని అర్థం. కుప్పం వైపు మిత్రులు తమిళంలోనే చూసి ఉంటారు. ఒకరి నోట ఒకరు విని ఇప్పటికీ వెదికి చూస్తున్న సినిమా అది. మాధవన్ కుటుంబం పదమూడో అంతస్తులో కొత్త ఇంట చేరుతుంది. ఇంట్లో ఆడవాళ్ళు రోజూ మధ్యాహ్నం ఒంటిగంటకు ఒక సీరియల్ చూస్తుంటారు. అందులో జరిగిందల్లా ఆ ఇంట్లో జరుగుతూ వస్తుంది. తమాషా ఏమంటే ఆ సీరియల్ ఆ ఇంటి టీవీలో తప్ప ఇంకెక్కడా రాదు.

రెండింటికీ దర్శకుడు విక్రమ్ కుమారే. ఇంకేం, తేలిపోయింది గదా అంటారు. తేలలేదు. టెంక నుంచి మొలిచిన మామిడి తల్లిచెట్టు కాయనే కాస్తుందన్న నమ్మకం లేదు. మా నాయన ఎప్పుడూ అంటుమొక్కలే తెచ్చేది అందుకే. ఒకే మనిషి తీసిన రెండు కథలకు వేర్వేరు మూలాలు ఉండవచ్చు.

రేపటి పేపరు ఇవ్వాళే దొరకడమనేది పాత ఊహ. 1944లో రెనె క్లెయిర్ తీసిన 'ఇట్ హ్యాపెన్డ్ టుమారో'లో ఒక విలేఖరికి మర్నాటి పేపరు ముందే అందుతుంది. ఇచ్చేది చచ్చిపోయిన ఒక ముసలి పత్రికోద్యోగి! 1996 నుండి 2000 దాకా నడిచిన అమెరికా సీరియల్ 'ఎర్లీ ఎడిషన్'లో పేపరు ఒక పిల్లితో పాటు ఇంటి గుమ్మంలోకి వచ్చేది. 2004 నాటి జపాన్ చిత్రం 'యోగెన్'లో పేపరు ముక్క చావును ముందే చెబుతుంది. కనక పేపరును చూపించి '13బి' ప్రభావం అనడానికి వీల్లేదు. '13బి'లో ఉన్నది టీవీ, పేపరు కాదు.

మరి ఎక్కడ చూడాలి? ఇద్దరి రికార్డుల్లో ఒకే సరైన జవాబు ఉంటే లెక్చరర్ ఏమీ అనలేరు. ఇద్దరి దగ్గరా ఒకే తప్పు ఉంటేనే పట్టుకుంటారు. జీవశాస్త్రంలోనూ అంతే. పని చేసే అవయవం కంటే పని లేకుండా మిగిలిపోయిన అవయవమే పుట్టుకను బాగా పట్టిస్తుంది. ఆ లెక్కన వెదికితే నాకు దొరికింది ఒక కుక్క. '13బి'లో పక్కింటి కుక్క ఆ ఇంట్లోకి రానంటుంది. 'దూత'లో మొదటి జోస్యానికి బలయ్యేది కథానాయకుడి కుక్క. కానీ దెయ్యం కథల్లో కుక్కలు ఎక్కడైనా ఉంటాయి, ఒక్క కుక్క సాక్ష్యంతో కేసు నిలవదు.

గట్టి సాక్ష్యం లోపలి ఎముకల్లో ఉంది. గబ్బిలం రెక్కా సీతాకోకచిలుక రెక్కా ఎగరడానికే, కాని లోపలి నిర్మాణం వేరు: క్రియాసామ్యం. గబ్బిలం రెక్కా మన చెయ్యీ చూపుకు వేరు, ఎముకల అమరిక ఒకటే: నిర్మాణసామ్యం. క్లెయిర్ సినిమా ఒక హాస్యకథ, అందులో చచ్చినవాడికి ఎవరి మీదా పగ లేదు. '13బి'లో 1977లో హత్యకు గురైన ఒక టీవీ వార్తల అమ్మాయి కుటుంబం ఉంది. హంతకుడు పెద్దమనిషిగా చలామణి అవుతూ కథానాయకుడికి దగ్గరగానే తిరుగుతుంటాడు. 'దూత'లో ఆ పేరుగల పాత పత్రికకు జరిగిన ద్రోహం ఉంది. టీవీలో బతికినవాళ్ళు టీవీ లోంచి, పత్రికలో బతికినవాళ్ళు పత్రిక లోంచి, తాము చేసిన వృత్తితోనే న్యాయం అడుగుతారు. కథ నడిచే క్రమం కూడా ఒకటే: ముందు జోస్యం, తర్వాత నమ్మని మనిషి పరిశోధన, చివరికి పాత నేరం. విదేశీ పేపరు కథల్లో నాకు కనబడని అమరిక ఇది. అందుకే 'దూత' కాపీ కాదని, '13బి' వేరు మీద పేపరు కొమ్మ కట్టిన అంటు అని నా అభిప్రాయం. నడుమ 2014లో వచ్చిన 'మనం'లో కూడా ఫిబ్రవరి 14న గడియార స్తంభం దగ్గర ప్రమాదం మళ్ళీ జరగకుండా ఆపాలనే తాపత్రయమే ఉంది. వేరు చచ్చిపోలేదన్నమాట.

అంటులో మారినవీ ఉన్నాయి. '13బి' కుటుంబం ఏ పాపం ఎరగనిది. సాగర్ అలాంటివాడు కాదు, వార్తను అమ్ముకుని పైకొచ్చినవాడు. ఈ మార్పు 'దూత'ను పై మెట్టు మీద నిలబెట్టింది. పేపరు అతనికి జోస్యం మాత్రమే చెప్పడం లేదు, లెక్క అడుగుతోంది.

పోయిందీ ఒకటుంది. '13బి'లో భయమంతా రేపు ఒంటిగంట దాకా ఆగడంలో ఉంది. మా వాల్మీకిపురం ఇళ్ళల్లో సీరియల్ టైముకు పొయ్యి మీది కూర మాడినా లేవని అవ్వలను చూసినవాళ్ళకు ఆ భయం చప్పున తెలుస్తుంది. 'దూత' నిజంగానే ధారావాహిక, కాని ఎనిమిది భాగాలూ ఒక్కనాడే ఇచ్చేశారు. మా రూములో తెల్లవారేలోగా అయిపోయింది. సీరియల్ గురించి తీసిన సినిమా మనల్ని ఆపింది, సీరియల్‌గా తీసిన సీరియల్ ఆపలేకపోయింది. వారానికో భాగం చొప్పున వదిలి ఉంటే ఎట్లా ఉండేదో, ఇంకా చూడనివారు తమకు తామే వారం గడువు పెట్టుకుని చూసి చెప్పండి.